లెన్సు ఊపిరి

4 జూలై 2022, సోమవారం, హాలియా

విజేందర్ నల్లగొండ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన పెట్టె పొద్దున అందింది. అందులో అరచేతిలో ఇమిడే మిర్రర్‌లెస్ కెమెరా, రెండు లెన్సులు, ఒక అడాప్టరు ఉన్నాయి. వాడు నాకు ఇంటర్ నుంచి దోస్తు. వాడిన కెమెరాల దుకాణం నడుపుతాడు. "నెల దినాలు వాడి చూడు సాల్మనూ. నచ్చకుంటే వాపస్ పంపు, ఫికర్ లేదు" అన్నాడు.

ఇదంతా కుడి భుజం వల్ల వచ్చింది. ఇరవై ఏళ్లు పెళ్లిళ్లలో కెమెరా మోస్తే అరిగిపోయిందట. బరువు తగ్గించమన్నాడు డాక్టరు. నా పెద్ద కెమెరా కూడా మిర్రర్‌లెస్సే, కానీ ఫుల్‌ఫ్రేమ్, సెన్సర్ పెద్దది. దానికి జూమ్ లెన్సు తగిలిస్తే చంటిపిల్లను ఎత్తుకున్నట్టే ఉంటుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి రాసుకుంటే ఏది ఉంచుకోవాలో తేలుతుంది. చర్చివాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇన్నాళ్లకు పనికొచ్చింది.

6 జూలై, బుధవారం

చిన్నదాని సెన్సర్ చిన్నది. స్టూడియోలో ఒక లైటు ఆర్పితే చాలు, నీడల్లో ఇసుక చల్లినట్టు వస్తోంది. మనిషి వెనకాల గోడ పెద్దదానిలో కరిగినట్టు ఇందులో కరగదు. అయినా చేత్తో పట్టుకుని నెమ్మదిగా తీసినా బొమ్మ చెదరడం లేదు. షట్టర్ చప్పుడు పూర్తిగా ఆపేయొచ్చు. తీసినట్టు ఎదుటి మనిషికే తెలియదు.

లెన్సులు: పెద్దదానికి నా దగ్గరున్నవి మూడు, మూడూ సొరకాయలే. చిన్నదానికి ఎన్నో రకాలు దొరుకుతాయట, రెండు లెన్సులు చొక్కా జేబులో పడతాయి. నా పాత లెన్సులు అడాప్టరుతో దీనికి ఎక్కుతాయి గానీ ఫోకస్ తడుముకుంటోంది.

ఇంకో సంగతి. ఫోకస్ దగ్గరి నుంచి దూరానికి మారుస్తుంటే ఫ్రేములోని బొమ్మ మొత్తం ఒక పిసరు పెద్దదవుతుంది, మళ్లీ చిన్నదవుతుంది. దాన్ని లెన్సు ఊపిరి అంటాం. నా పెద్ద జూముకు ఆ జబ్బు ఉంది. చిన్నదానితో వచ్చిన, జూమ్ లేని ప్రైమ్ లెన్సుకు అస్సలు లేదు, రాయిలా నిలబడుతుంది. మా ఆవిడ స్వర్ణను కుర్చీలో కూర్చోబెట్టి రెండూ చూపించాను.

"లెన్సు సుత ఊపిరి తీస్తదా?" అని నవ్వింది.

9 జూలై, శనివారం

పొద్దున ఎనిమిదికి కోమల ఫోన్ చేసింది. కాలువ అవతల చింతగూడెంలో అంగన్‌వాడీ టీచరు, మా చర్చికే వస్తుంది. "అన్నా, అమ్మ పోయింది. జర వచ్చి ఫోటోలు తియ్యవా" అంది.

వాళ్లమ్మ బాలనర్సమ్మ గట్టి మనిషి, అరవై దాటినా మొన్నటిదాకా నాట్లకు వెళ్లింది. రాత్రి గడప దగ్గర చాప వేసుకుని పడుకుందట. తెల్లవారుజామున కడుపులో నొప్పి అందట, కళ్లు మూతలు పడుతున్నాయి అందట. వెలుగొచ్చాక లేపితే లేవలేదు. ఊరి ఆర్‌ఎంపీ వచ్చి నాడి పట్టుకుని లేదన్నాడు.

రెండు కెమెరాలూ తీసుకెళ్లాను. చావింట్లో కెమెరాలు పోల్చడం తప్పే, తెలుసు. ముసురు వెలుతురు, షామియానా కింద నీడ, కదలని మనిషి. ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదనిపించింది.

బెంచీ మీద పడుకోబెట్టారు. మెడ దాకా తెల్ల దుప్పటి, ఛాతీ మీద బంతిపూల దండ. కాళ్లవైపు స్టాండు పెట్టాను. "అందరు జర పక్కకు జరగండి, అవ్వ మొకం కనబడాలె" అన్నాను. ముఖం మీద, దండ మీద, దుప్పటి అంచు మీద ఫోకస్ మారుస్తూ పెద్దదానితో పన్నెండు తీశాను. స్టాండు కదపకుండా చిన్నది బిగించి ఇంకో పన్నెండు.

మబ్బు కమ్ముకొస్తోందని పాస్టరుగారు తొందరపెట్టారు. పెట్టెలో పెట్టి రెండున్నరకు మట్టి చేశారు. మేం ఇల్లు చేరేసరికి వాన.

10 జూలై, ఆదివారం

కోమల చర్చిలో ముందు వరుసలో ఒక్కతే కూర్చుంది. నలభై దినాల జ్ఞాపకార్థ కూడికకు అమ్మ ఫోటో పెద్దది చేసివ్వమంది.

11 జూలై, సోమవారం

మంచి ఫ్రేము ఎంచుదామని మధ్యాహ్నం పెద్దదాని పన్నెండూ కంప్యూటర్లో వేశాను. ఒకదాని తర్వాత ఒకటి మారుస్తుంటే దండ కదిలింది. ఎక్కువేం కాదు, నువ్వుగింజంత. మూడో ఫోటోలో దండ చివరి పువ్వు దుప్పటి మడతను కప్పింది. ఐదో దానిలో మడత కనిపిస్తోంది. ఎనిమిదిలో మళ్లీ కప్పింది.

లెన్సు ఊపిరి. స్వర్ణకు చూపించిందే ఇది. ఈ జూమును ఎప్పుడో అమ్మేయాల్సింది.

12 జూలై, మంగళవారం

చిన్నదాని పన్నెండూ చూశాను. దీని లెన్సుకు ఊపిరి లేదు.

దండ కదులుతోంది.

మెమరీ కార్డు తీసి మళ్లీ పెట్టి చూశాను. బెంచీ అంచు కదల్లేదు. వెనక గోడకు కొట్టిన మేకు, ఫోటో మార్చిన ప్రతిసారీ దాని చోటనే ఉంది. పెద్దదాని ఫోటోల్లో మేకు కూడా కదలాలి కదా అని నిన్ననే చూడాల్సింది. ఇవాళ చూశాను. అది ఫ్రేముతో పాటు కదిలింది, దండ దానికన్నా ఎక్కువ కదిలింది.

స్టాండు కింద నేల మెత్తగా ఉండి ఉంటుంది.

13 జూలై

ఫ్యాను! తల దగ్గర టేబుల్ ఫ్యాను పెట్టారు. గాలికి పూలు కదులుతాయి. ఇంత చిన్న సంగతి రెండు రోజులు తట్టలేదు. రాత్రి కడుపునిండా తిన్నాను.

14 జూలై

ఫోటో మూలన ఫ్యాను ఉంది. రెక్కలు మూడు, మూడూ అంచులతో సహా లెక్కపెట్టొచ్చు. తిరిగే ఫ్యాను అలా పడదు.

15 జూలై, శుక్రవారం

స్టూడియో బల్ల మీద దిండు పెట్టి దాని మీద బంతిపూల దండ వేసి రెండు కెమెరాలతో తీశాను. చిన్నదానిలో ఒక్క రేకు కూడా కదల్లేదు. కిటికీ తెరిచి తీశాను. రేకులు వణికాయి గానీ దండ లేవలేదు.

మధ్యాహ్నం స్వర్ణను బల్ల మీద పడుకోమన్నాను.

"ఎందుకు?"

"పరీక్షకు."

పడుకుంది. దండ తీసి ఆమె ఛాతీ మీద పెట్టాను. "ఊపిరి మెల్లగ తియ్యి. ఇంకా మెల్లగ. ఉన్నదా లేదా అన్నట్టు" అన్నాను. మూడు తీశానో లేదో దండ విసిరికొట్టి లేచింది.

"ఏమైంది నీకు? నాకు చావు దండ ఏస్తవా? గీ పాడుపని ఏంది?"

సెన్సరు పరీక్ష అని చెప్పాను. నమ్మలేదు. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమింది.

ఆ మూడు ఫోటోలూ చూశాను. నువ్వుగింజంత.

17 జూలై

చర్చికి వెళ్లలేదు. భుజం నొప్పి అని చెప్పాను.

19 జూలై, మంగళవారం

చింతగూడెం వెళ్లి ఆర్‌ఎంపీని కలిశాను. ముసలాయన, మంచివాడే. బీపీ చూపించుకునే వంకతో కూర్చుని మాట కలిపాను.

"నాడి దొరకలె. కండ్లల్ల టార్చి ఏసిన, పాప కదలలె. నలభై ఏండ్ల సంది చూస్తున్న సాల్మనూ. గది నాకు తెల్వదా? ఎందుకు అడుగుతున్నవు?"

"ఊకనే."

ఆయన చెప్పాడు కదా. నలభై ఏళ్ల అనుభవం. నేను ఫోటోలు తీసేవాణ్ని. ఎవరో ముద్దుపెట్టడానికి వంగినప్పుడు దండకు చేయి తగిలి ఉంటుంది. ఆ పన్నెండు ఫోటోల్లోనూ దగ్గర ఎవరూ లేరు. రెండు ఫోటోల మధ్యలో వచ్చి వెళ్లి ఉంటారు.

ఇల్లు చేరాక ఇరవై నాలుగూ సెలెక్ట్ చేసి డిలీట్ మీద వేలు పెట్టాను. నొక్కలేదు.

20 జూలై

విజేందర్ ఫోన్ చేసి ఏది బాగుంది అన్నాడు. చిన్నది మరీ స్పష్టంగా ఉంది అన్నాను. "గది సుత ఒక ఐబేనా రా, మంచిదే గదా" అని నవ్వాడు.

23 జూలై

పాస్‌పోర్టు సైజు ఫోటోలకు ఎవరైనా వచ్చి కుర్చీలో కూర్చుంటే, ముందు ముఖం చూడటం మానేశాను. గొంతు కింద చూస్తున్నాను. అందరూ కదులుతూనే ఉన్నారు.

26 జూలై, మంగళవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున ఏడున్నరకు దుర్గయ్య ఫోన్ చేశాడు. చింతగూడెంలోనే ఇంకో చివర ఉంటాడు, గొర్లు కాస్తాడు. "సాల్మనన్నా, బిడ్డ పోయింది. రాత్రి మంచిగనే పండుకున్నది." పూజ పంతొమ్మిదేళ్ల పిల్ల. హాలియాలో డిగ్రీ చదువుతోంది. జూన్‌లోనే కాలేజీ కార్డుకు నా దగ్గర ఫోటో దిగింది.

పెద్ద కెమెరా ముట్టుకోలేదు. చిన్నదీ, ప్రైమ్ లెన్సూ, స్టాండూ తీసుకుని బండి మీద వెళ్లాను. కాలువ కట్ట మీద ఎలా వచ్చానో గుర్తులేదు.

ఇంటి ముందు చాప మీద ఉంది. నడుము దాకా పచ్చటి చున్నీ కప్పారు. తల్లి మల్లీశ్వరి ఆ పిల్ల కాళ్లు పట్టుకుని ఉంది. ఏమైందని అడిగాను.

"తెల్లారంగ కడుపునొప్పి అన్నదన్నా. కండ్లు తెరవస్తలేదే అమ్మా అన్నది. చాయ పెట్టుకొచ్చేసరికి..."

స్టాండు రెండుసార్లు జారిపోయింది. దుర్గయ్యే పట్టుకున్నాడు. అలవాటుగా నోట్లోంచి అదే మాట వచ్చింది: "జర పక్కకు జరగండి, మొకం కనబడాలె." తర్వాత ఫ్యాను ఆపమన్నాను.

"ఉక్కపోస్తాందన్నా, జనమున్నరు" అన్నారెవరో.

"బంద్ చెయ్యండి!"

దండ లేదు. చున్నీ అంచుకు చిన్న అద్దాల పూసలున్నాయి, ఒక పూస మీద ఫోకస్ పెట్టాను. ఒకటి తీశాను. పది అంకెలు లెక్కపెట్టి ఇంకొకటి తీశాను. ఆగి ఆగి ఆరు. వెనక తెర మీద పెద్దవి చేసి ఒకదాని మీద ఒకటి మార్చాను. ఆ పూస పైకి వచ్చింది. కిందికి పోయింది. పైకి వచ్చింది.

"పిల్ల బతికున్నది" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదేమో, మళ్లీ అరిచాను.

దుర్గయ్య నా చొక్కా పట్టుకున్నాడు. "ఏం మాటలన్నా గవి? తాగొచ్చినవా? మన ఆర్‌ఎంపీ డాక్టర్ చూసి పోయిండు." ఒక పెద్దమనిషి స్టాండును కాలితో తన్నాడు. కెమెరా పడింది. తీసుకుని లెన్సు ముందరి అద్దాన్ని చొక్కాతో తుడిచి, దుర్గయ్య చేతులు నా మెడ మీద ఉండగానే వంగి పూజ ముక్కు దగ్గర పెట్టాను. ఎంతసేపో. పక్కకు తీసి దుర్గయ్యకు చూపించాను. అద్దం మీద రూపాయి బిళ్లంత మసక. చూస్తుండగానే ఆరిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ వచ్చింది.

దుర్గయ్య నన్ను వదిలేశాడు. మల్లీశ్వరి కేక ఇంకా చెవిలో ఉంది.

108 ఇరవై నిమిషాలకు వచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ మసక చిన్నదవుతూ వచ్చింది. వాళ్లు ముఖానికి బుడ్డి తగిలించి గాలి కొట్టుకుంటూ నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు.

28 జూలై

వెంటిలేటరు మీద ఉంది. బతికే ఉంది.

29 జూలై

బతుకుతుందట. ఊరంతా సంతోషం. స్వర్ణ నా తల మీద చేయి వేసి ప్రార్థన చేసి, "దేవుడు నీతోని చేయించిండు" అంది. నాకు ఏడుపు వచ్చింది. సంతోషానికి అనుకుంది.

ఆ పిల్ల బతకకూడదని ఒక్క క్షణం అనుకున్నాను. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. ఆ పిల్ల పోయి ఉంటే, బాలనర్సమ్మ ఫోటోల్లో నేను చూసింది ఏమీ కాదని అనుకోవచ్చు.

3 ఆగస్టు, బుధవారం

దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ చిన్నదే. "కట్లపాము. కింద పండుకున్నోళ్లను కరుస్తది. నొప్పి ఉండదు, గాటు కనబడదు. ముందు కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలుతయి, ఒళ్లంత పడిపోతది. టార్చి ఏసినా పాప కదలదు. చూసినోళ్లు పోయిండ్రనే అనుకుంటరు" అంది.

"అప్పుడు లోపల మనిషికి తెలుస్తదా మేడమ్?"

"శానమందికి తెలుస్తది. అన్నీ ఇనబడతయి."

పూజ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నన్ను చూసి నవ్వింది. "నీ మాట ఇన్నన్నా. 'పక్కకు జరగండి, మొకం కనబడాలె' అన్నవు. అమ్మ ఏడ్సుడు ఇన్న. నేనున్ననే అమ్మా అని ఎంత మొత్తుకున్నా నోరు రాలె."

మల్లీశ్వరి నా కాళ్లకు దండం పెట్టబోయింది. బయటికి వచ్చి బస్టాండు దాకా నడిచాను. అదే మాట. తొమ్మిదో తారీఖున బాలనర్సమ్మ దగ్గర కూడా అదే మాట అన్నాను.

4 ఆగస్టు

గడువు అయిపోయింది. చిన్నది ఉంచుకుంటున్నానని విజేందర్‌కు చెప్పాను. పెద్దదాన్ని, మూడు లెన్సులతో సహా వాడికే పంపేశాను. పడినప్పుడు చిన్నదాని మూల సొట్టపోయింది, వాపసు ఇవ్వడం కుదరదు.

5 ఆగస్టు, శుక్రవారం

చింతగూడెంలో సన్మానం. శాలువా కప్పారు, దండ వేశారు. దండ మెడలో పడగానే తీసేశాను, సిగ్గు అనుకున్నారు. ఆర్‌ఎంపీ కూడా వచ్చాడు. వెనక నిలబడి ఉన్నాడు. ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆ రోజు నేను ఎందుకు అడిగానో ఆయనకు ఇప్పుడు అర్థమైంది.

కోమల రాలేదు.

7 ఆగస్టు, ఆదివారం

చర్చి అయ్యాక కోమల స్టూడియోకు వచ్చింది. స్వర్ణ ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. స్వర్ణ ఇద్దరినీ చూసి లోపలికి వెళ్లిపోయింది.

"పూజ సంగతి ఇన్నప్పటి సంది నిద్ర లేదన్నా. అమ్మకు సుత కడుపునొప్పే. కండ్లు మూతలు పడుతున్నయి అన్నది. నేనే అన్న, నిద్ర చాల్లేదు, జరసేపు పండుకోయే అని."

కంప్యూటరు తెర ఆర్పేశాను.

"నీ తాన ఫోటోలున్నయి. చూసినవా?"

"చూసిన చెల్లె."

"ఎప్పుడు?"

"మట్టి చేసిన రెండో దినం."

"మరి నాకెందుకు చెప్పలె?"

"అప్పటికే అయిపోయింది గదా. నీకు తెల్వద్దని..."

"నాకు కాదన్నా. నీకే తెల్వద్దని."

ఎవరూ అనని మాట, నేను నెల రోజులు తప్పించుకు తిరిగిన మాట. అవునన్నాను.

చూపించమంది. చిన్నదాని ఆరో ఫోటో, ఏడో ఫోటో. మార్చడం ఎలాగో చెప్పి మౌస్ ఆమె చేతికిచ్చాను. ఎన్నిసార్లు నొక్కిందో లెక్కలేదు. ఆరు, ఏడు, ఆరు, ఏడు. తెర మీద బాలనర్సమ్మ మెల్లగా ఊపిరి తీసుకుంటూ ఉంది. నేను మాత్రం ఇన్నాళ్లూ అంత సేపు చూసే ధైర్యం చేయలేదు.

"పెట్టెల పెట్టెటప్పుడు చెయ్యి పట్టుకున్న. వెచ్చగ ఉండె. ఎండకు అనుకున్న" అంది కోమల. నొక్కడం ఆపింది. "ఆ దినం ఎండ లేదు గదన్నా."

చివరి ఫోటో ఎన్ని గంటలకు తీశావని అడిగింది. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు, ఫోటోలోనే రాసి ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టింది. మట్టి చేసేదాకా నడుమ మూడు గంటలపైనే.

"పెట్టె మూయకముందే పోయుంటది గద?"

"పోయుంటది చెల్లె."

"గన్ని గంటలు ఆగదు గద?"

"ఆగదు."

నాకు తెలియదు. ఆమెకూ తెలుసు, నాకు తెలియదని.

వెళ్లేముందు గుమ్మంలో ఆగింది. "దండ పైకి లేసింది ఏదన్నా?"

"ఏడోది."

"గదే పెద్దది చెయ్యి. అమ్మది బతికున్నప్పటి ఫోటో మా ఇంట్ల ఒక్కటి లేదు."

9 ఆగస్టు, మంగళవారం

నిన్న స్వర్ణకు మొత్తం చెప్పాను. బల్ల మీద పడుకోబెట్టిన రోజు సంగతి గుర్తుచేసుకుని ఏడ్చింది.

కోమల అంగన్‌వాడీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిందట: కడుపునొప్పి, రెప్పలు వాలుట, వెంటనే దవాఖాన. వచ్చే ఆదివారం చర్చిలో ఇద్దరం లేచి చెబుతాం, బాలనర్సమ్మ పేరుతోనే. ఆర్‌ఎంపీ తానూ వస్తానన్నాడు.

పొద్దున ఏడో ఫోటో ప్రింటు వేశాను. బాగా వచ్చింది. చిన్న సెన్సరు అని ఎవరూ అనరు. చెక్క ఫ్రేములో పెట్టి అద్దం తుడుస్తుంటే కోమల వచ్చింది. ఫ్రేమును రెండు చేతులతో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అద్దం బిగిద్దామని చేయి చాపితే ఇవ్వలేదు.

"అద్దం వద్దన్నా."

"దుమ్ము పడుతది చెల్లె. నాలుగు దినాలకు ఖరాబైతది."

"పడనీ. నేను తుడుసుకుంట." కొంగుతో ఫోటో అంచు సరిచేసింది. "జర గాలాడనియ్యి."